స్నేహితులతో వీకెండ్ బ్రంచ్: బఫేనా, మెనూనా?

ఏళ్ల తరబడి వారాంతాల్లో స్నేహితులతో కలిసి సిటీ రెస్టారెంట్లలో బ్రంచ్ (టిఫిన్, మధ్యాహ్న భోజనం కలిపి ఒకేసారి తినడం) చేస్తున్నాక మాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఆరుగురి లోపు ఉంటే బఫేకన్నా మెనూ చూసి తెప్పించుకుని పంచుకోవడమే మేలు. బఫేలో ఎవరి ప్లేటు వాళ్లు పట్టుకుని తిరగడంతోనే సరిపోతుంది, అందరూ ఒకేసారి టేబుల్ దగ్గర కూర్చోవడం గగనం. ఆరుగురు దాటితే మాత్రం లెక్క మారుతుంది. రద్దీ వేళ కిచెన్ అంతమందికీ గుడ్డు వంటకాలు ఒకేసారి పంపలేదు. ముందు అందుకున్నవాళ్లు తినేశాక గానీ చివరివాళ్ల ప్లేటు రాదు. అలాంటప్పుడు బఫేయే నయం.

ఎన్ని తెప్పించుకోవాలంటే, మనిషికొకటి, పైన ఇంకొకటి. నలుగురికి ఐదు: గుడ్డుతో చేసినవి రెండు, కడుపు నిండే బరువైనది ఒకటి, తీపి ఒకటి, సలాడ్ గానీ పండ్లు గానీ ఒకటి. "రెండు విడతలుగా తెండి, తీపి ఆఖర్న" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పేయాలి. లేకపోతే ఏది ముందు తయారైతే అది వచ్చి కూర్చుంటుంది, పాన్‌కేకులు చల్లారిపోతుంటే ఆమ్లెట్ తింటుంటాం. కాఫీ కూడా మొదటి విడతతో పాటే తెమ్మనండి.

అన్నిటికన్నా తొందరగా పాడయ్యేది ఎగ్స్ బెనెడిక్ట్, అంటే బ్రెడ్ మీద పెంకు లేకుండా నీళ్లలో ఉడికించిన గుడ్డు పెట్టి, పైన సాస్ పోసేది. పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య గట్టిపడుతుంది. వండేసిన ప్లేటును సర్వర్ వచ్చేదాకా వేడి లైట్ల కింద ఉంచితే గుడ్డు లోపల ఉడుకుతూనే ఉంటుంది. కోసినప్పుడు సొన జారకుండా పొడిపొడిగా ఉంటే కారణం చాలాసార్లు అదే. పైన పోసే హాలండైజ్ సాస్ అంటే పచ్చసొన, వెన్న కలిపి గిలకొట్టినది. చల్లారితే పొర కడుతుంది, మరీ వేడెక్కితే విరిగి వెన్న వేరుగా తేలుతుంది. విరిగిన సాస్ వస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. ప్లేటుకు సాధారణంగా రెండు గుడ్లే ఉంటాయి కాబట్టి దీన్ని ఇద్దరు పంచుకోవచ్చు. నలుగురు కోసుకుంటే సొనంతా ప్లేటు పాలవుతుంది.

వాఫుల్ (గళ్ల అచ్చులో పిండి పోసి కాల్చేది) కరకరలాడేది కొద్ది నిమిషాలే. ఒకదానిమీద ఒకటి పేరిస్తే మధ్యలో ఆవిరి చిక్కి మెత్తబడుతుంది. విడివిడిగా పెట్టమనండి, సిరప్ పక్కన గిన్నెలో అడగండి.

బఫేకే వెళ్తే మొదలైన తొలి అరగంటలోనే చేరుకోండి. పాత్ర మూత తీస్తే ఆవిరి పైకి రావాలి, అడుగున మంటో హీటరో పని చేస్తుండాలి. వేడి పదార్థాలు 60 డిగ్రీలకు తగ్గకుండా, క్రీమ్, కోసిన పండ్లు 5 డిగ్రీలకు మించకుండా ఉండాలి. గది వేడిలో రెండు గంటలు దాటినవి ముట్టుకోవద్దు. స్క్రాంబుల్డ్ ఎగ్స్ (గిలకొట్టి పెనం మీద కలుపుతూ వండిన గుడ్లు) అంచుల్లో ఆకుపచ్చగా మారాయంటే చాలాసేపు వేడి మీద ఉన్నాయని అర్థం. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిస్తే ఆ రంగు వస్తుంది. తింటే హాని లేదు గానీ రబ్బరులా ఉంటుంది, కింద నీళ్లూరతాయి. లైవ్ కౌంటర్ ఉంటే అక్కడ కళ్లముందు వేయించుకున్నదే మంచిది. గుంపులో శాకాహారులుంటే పాన్‌కేకులు, మాంసం ఒకే పెనం మీద వేస్తున్నారేమో కనుక్కోండి. చాలాచోట్ల పెనం ఒకటే. గింజలు, పాలు, గోధుమ పడనివాళ్ల సంగతి టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి.

బుకింగ్‌లో అడగాల్సింది మరొకటుంది: టేబుల్ ఎంతసేపు ఇస్తారని. కొన్నిచోట్ల గంటన్నరో రెండు గంటలో అయ్యాక ఖాళీ చేయమంటారు. అందరూ వచ్చేదాకా కూర్చోబెట్టని చోట్లూ ఉన్నాయి, ఆలస్యంగా వచ్చే మిత్రుడికి పావుగంట ముందు టైమ్ చెప్పడం ఉత్తమం. బిల్లు తలా సమానమా, ఎవరి డ్రింకులు వాళ్లవా అన్నది ఆర్డర్‌కు ముందే తేల్చుకోండి. ఒకరు కట్టి మిగతావాళ్లు అక్కడికక్కడే పంపేయడం తేలిక. కట్టేముందు సర్వీస్ ఛార్జీ ఇప్పటికే కలిపారేమో చూడండి, కలిపితే టిప్ మళ్లీ ఇవ్వక్కర్లేదు.