తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో అద్దె ఫ్లాట్: ఇంటికి ఐదు స్టార్లు, దారికి ఒకటి

కమ్యూనిటీ పేరు రాయను, హైదరాబాద్‌లో అటువైపు ఇల్లు వెతుకుతున్నవాళ్లకి పనికొస్తుందని ఈ రివ్యూ. ఫ్లాట్‌కి వంక పెట్టడానికేం లేదు. గాలీ వెలుతురూ బాగున్నాయి, పవర్ బ్యాకప్ ఉంది, జిమ్ ఉంది (వెళ్తున్నామా అన్నది వేరే సంగతి).

గొడవంతా గేటు దాటాకే. ఇన్ని టవర్లకి బయటికి ఒకటే దారి! మా బాల్కనీలో నిలబడితే వెనక గోడ అవతల సూపర్ మార్కెట్ బోర్డు మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి, కానీ పెరుగు ప్యాకెట్ కోసం అక్కడికి పోవాలంటే ముందు గేటు నుంచి మెయిన్ రోడ్డెక్కి, యూ టర్న్ కొట్టి, పక్క వెంచర్ మొత్తం చుట్టి రావాలి. అందుకే ఆ గోడకి ఇటు సిమెంటు ఇటుకలు, అటు కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్లు అలాగే ఎక్కి దిగుతారు, అసోసియేషన్ వాళ్లు ఇటుకలు తీయిస్తారు, మర్నాటికి మళ్లీ వచ్చేస్తాయి. డెలివరీ అబ్బాయిలైతే "సార్, మ్యాప్‌లో మీ ఇంటి పక్కనే చూపిస్తోంది" అని గోడ అవతల నుంచి ఫోన్ చేస్తారు.

ఈ ఏరియా పెరిగిన తీరే అంత. పొలాలు సర్వే నంబర్ల వారీగా అమ్ముడుపోయాయి, ఎవరి ముక్కలో వాళ్లు వెడల్పాటి రోడ్లు నీటుగా వేసుకున్నారు, హద్దు రాగానే గోడ లేపేశారు. ఒకప్పుడు ఊరికీ ఊరికీ మధ్య ఎడ్ల బండ్లు తిరిగిన బాటే ఇప్పుడు అందరికీ మెయిన్ రోడ్డు. లోపల రోడ్లన్నీ ఖాళీ, బయట జామ్. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి శంషాబాద్‌కి హాయిగా పోతాం, గోడ అవతలికి మాత్రం పోలేం.

ఇంతకుముందు కేపీహెచ్‌బీలో (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ) ఉండేవాళ్లం. ఇరుకే, పార్కింగ్ నరకమే. కానీ హౌసింగ్ బోర్డు ముందే ప్లాన్ గీసి వేసిన కాలనీ కదా, ఒక రోడ్డు తవ్వేస్తే పక్క సందులోంచి వెళ్లిపోయేవాళ్లం. ఆ మాటకొస్తే 1591లో కట్టిన చార్మినార్ దగ్గర కూడా నాలుగు దిక్కులకీ దారులున్నాయి. ఇప్పుడేమో తెగిపోయిన రోడ్లని కలిపే పని, ప్రభుత్వం 2017లో రోడ్ల కోసం పెట్టిన ఓ కార్పొరేషన్‌కి అప్పజెప్పాల్సొచ్చింది. ఆ లింకు రోడ్లు వేసిన చోట నిజంగానే తేడా తెలుస్తోంది, మా గోడల మధ్యకి మాత్రం అవి రావు.

మా ఆవిడ మాత్రం ఈ గోడే నయం అంటుంది. బయటి బళ్లు రావు, పిల్లలు సాయంత్రం దాకా సైకిళ్లు తొక్కుకుంటారు. అదీ నిజమే.

వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. రోజూ ఆఫీసుకి పోయేవాళ్లు ఇల్లు చూడ్డానికి ఆదివారం కాదు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లండి. రెండో గేటు వస్తుందంటే లేఔట్ కాపీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. మాకూ వస్తుందనే చెప్పారు, ఆ జాగాలో ఇప్పుడు టూ వీలర్ షెడ్డు వేశారు.