గుంజకు కట్టిన దిర్హామా, పగ్గం మీదున్న రూపాయా: ఏది మేలు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ డబ్బు వచ్చే ఇళ్లలో దిర్హాం రేటు ఈ వారం పెరిగిందా, తగ్గిందా అని ఆరా తీయడం మామూలు. నిజానికి డాలరుతో పోలిస్తే దిర్హాం 1997 నుంచి కదలనే లేదు. ఒక డాలరుకు 3.6725 దిర్హాంల దగ్గరే నిలిచి ఉంది. సౌదీ రియాల్ కూడా 1986 నుంచి 3.75 దగ్గరే ఉంది. పెరిగేదీ తగ్గేదీ మన రూపాయే.

రేటును ఇలా గుంజకు కట్టాలంటే, ఆ ధరకు ఎవరు ఎన్ని డాలర్లు అడిగినా ఇవ్వగల నిల్వ కేంద్ర బ్యాంకు దగ్గర ఉండాలి. పెట్టుబడుల రాకపోకలకు అడ్డు లేనిచోట వడ్డీ రేట్లను కూడా దాదాపు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్) వెంటే నడపాలి. 2022లో ఫెడ్ వడ్డీలు పెంచుతూ పోతే, దిర్హాం వాడే యూఏఈ కూడా పెంచింది. చమురును డాలర్లలోనే అమ్ముకొనే దేశాలకు ఈ కట్టు సరిపోతుంది. జీతం విలువ డాలర్లలో స్థిరంగా ఉండడం అక్కడ పనిచేసే మనవాళ్లకూ మంచిదే.

చమురు కొనుక్కొనే మనకు ఆ వెసులుబాటు లేదు. 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించి, 1993 మార్చి నుంచి రేటును మార్కెట్‌కు వదిలాం. అలాగని రిజర్వు బ్యాంకు చేతులు ముడుచుకొని కూర్చోదు: రూపాయి మరీ వేగంగా పడిపోతుంటే డాలర్లు అమ్ముతుంది, డాలర్లు వెల్లువెత్తితే కొని దాచుకుంటుంది. పగ్గం అంటే ఇదే. 2021 సెప్టెంబరులో సుమారు 640 బిలియన్ డాలర్లున్న నిల్వలు ఏడాది తిరిగేసరికి 525 బిలియన్ల దరిదాపులకు దిగడానికి, ఆ నిల్వల్లోని ఇతర కరెన్సీల, బాండ్ల విలువ తగ్గడంతో పాటు ఈ అమ్మకాలూ కారణమే. అప్పుడు రూపాయిని ఒకే రేటుకు కట్టి ఉంటే, ఆ ఒత్తిడంతా నిల్వల మీదనో, ఇక్కడి రైతులూ చిన్న వ్యాపారులూ కట్టే వడ్డీల మీదనో పడేది.

రూపాయి పడితే అందరికీ ఒకేలా ఉండదు. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో రూపాయల్లో అప్పు చేసి దుబాయి వెళ్లినవారికి ఆ అప్పు త్వరగా తీరుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొని విదేశాలకు పంపేవారికి చేతికొచ్చే రూపాయలు పెరుగుతాయి. ఆ మిర్చి పండించినవారికి అందులో ఎంత చేరుతుందన్నది వేరే సంగతి. పొటాష్, డీఏపీ దిగుమతి ఖర్చు మాత్రం, రాయితీ కొంత మోసినా, పెరుగుతుంది.

అయినా నేను పగ్గం పద్ధతివైపే మొగ్గుతాను. ఇందుకు థాయ్‌లాండ్ అనుభవమే ప్రధాన కారణం. డాలరుకు సుమారు 25 బాత్‌ల రేటు ఎప్పటికీ మారదని నమ్మి అక్కడి సంస్థలు విచ్చలవిడిగా డాలర్లలో అప్పు చేశాయి. 1997 జులై 2న ఆ కట్టు తెగింది, 1998 జనవరికల్లా డాలరు 50 బాత్‌లు దాటింది. అంటే ఆ డాలరు అప్పుల భారం బాత్‌లలో రెట్టింపు దాటింది.

మన పగ్గమూ మరీ బిగియకూడదు. 2022 డిసెంబరు నుంచి 2023 అక్టోబరు దాకా రూపాయి ఎంత ఇరుకైన పరిధిలో కదిలిందంటే, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దాన్ని స్థిరీకరించిన మారకం విధానంగా వర్గీకరించింది. రిజర్వు బ్యాంకు ఆ వర్గీకరణను ఒప్పుకోలేదు కానీ, రేటు చాలాకాలం నిలకడగా ఉంటే మన కంపెనీలు కూడా రేటు మారితే నష్టపోకుండా చేసుకొనే బీమాలాంటి ముందస్తు ఒప్పందాలు మానేసి డాలరు అప్పులకు ఎగబడతాయన్న భయం నాకు ఇంకా తీరలేదు.