ప్రవక్త మాట దేవుని మాటేనని తేల్చడానికి ఏ కొలమానం మేలు?

యూదా రాజు సిద్కియా ఏలుబడి నాలుగో ఏట, అంటే సుమారు క్రీ.పూ. 594లో, యెరూషలేము మందిరంలో ఇద్దరు ప్రవక్తలు ఒకే దేవుడైన యెహోవా పేరిట ఒకదానికొకటి పొసగని మాటలు పలికారు. రెండేళ్లలో బబులోను కాడి, అంటే దాని పెత్తనం, విరుగుతుందనీ, బబులోను రాజు నెబుకద్నెజరు పట్టుకుపోయిన మందిరపు పాత్రలూ, చెరలో ఉన్న రాజు యెకొన్యా తిరిగి వస్తారనీ గిబియోనువాడైన హనన్యా ప్రకటించాడు. ఆ పెత్తనానికి గుర్తుగా మెడమీద కొయ్యకాడి మోస్తున్న యిర్మీయా మాత్రం బబులోనుకు లొంగి బతకమన్నాడు. వింటున్న యాజకులూ జనమూ ఎవరిని నమ్మాలి?

బైబిలులోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చెప్పే గుర్తు సూటిగానే ఉంది: పలికిన మాట నెరవేరకపోతే అది యెహోవా పలికింది కాదు. అయితే హనన్యా మాట తేలాలంటే రెండేళ్లు ఆగాలి. లొంగాలా, తిరగబడాలా అన్నది అంతవరకు ఆగే సంగతి కాదు. పైగా నెరవేరనిదల్లా అబద్ధమూ కాదు. సీయోను, అంటే యెరూషలేము, చేనులా దున్నబడుతుందని అంతకుముందు ప్రవక్త మీకా హెచ్చరించినప్పుడు హిజ్కియా రాజు భయపడి దేవుణ్ణి వేడుకున్నాడు, ఆ కీడు అప్పటికి తప్పింది. దాదాపు వందేళ్ల తర్వాత యిర్మీయాను చంపాలని పట్టుబట్టిన వారికి పెద్దలు గుర్తుచేసింది ఈ సంగతినే. నలభై రోజుల్లో నాశనమవుతావని ప్రవక్త యోనా నోట విన్న నీనెవె పట్టణం కూడా మనసు మార్చుకుని నాశనం కాలేదు, దానికి నొచ్చుకున్నది యోనా ఒక్కడే.

ద్వితీయోపదేశకాండమే 13వ అధ్యాయంలో మరో కొలమానం ఇస్తుంది: ప్రవక్త చూపిన సూచక క్రియ, అంటే అద్భుతమైన గుర్తు, నిజమైనా సరే, అన్య దేవతలను కొలవమనేవాడి మాట వినకూడదు. ఇది అవసరమే గాని ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే హనన్యా పలికింది యెహోవా పేరిటే.

నా దృష్టిలో వీటికంటే మేలైనది యిర్మీయా గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. దేవుని ఆలోచన సభలో నిలిచినవారైతే జనాన్ని వారి దుష్ట మార్గం నుంచి మళ్లించేవారు అంటుంది అది. హనన్యా మాటలో ఎవరూ మారవలసిన పని లేదు. యిర్మీయా నడత కూడా గమనించదగినది: హనన్యా మాట విని "ఆమేన్" అని, అలాగే జరగాలని మనసారా కోరాడు, హనన్యా తన మెడమీది కాడిని లాగి విరిచినప్పుడు మారుమాట లేకుండా తన దారిన వెళ్లిపోయాడు. విరిగిన కొయ్యకాడికి బదులు ఇనుప కాడి వస్తుందన్న దేవుని జవాబు ఆ తర్వాతే వచ్చింది. మరో సందర్భంలో, ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోవాలా వద్దా అని జనం అడిగితే, వాక్కు రావడానికి పది రోజులు పట్టింది. దేవుడు తన నోట పలుకుతాడని నమ్మినవాడే, ఆయన పలకనప్పుడు ఊరుకోగలిగాడు.

కఠినంగా పలికినవాడల్లా నిజమైన ప్రవక్త అని దీనర్థం కాదు. ఓదార్పు మాటలు యిర్మీయా కూడా రాశాడు. ఇక హనన్యా ఆ ఏడే ఏడో నెలలో చనిపోయాడు, క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కాలిపోయింది. నెరవేర్పు అనే గుర్తు అప్పటికి అందరికీ కనబడింది, కాని మందిరంలో ఆ రోజు నిలబడి విన్నవారిలో చాలామందికి అప్పటికే ఆలస్యమైంది.