మోవీయా, బక్కఫ్రాస్టా: సాల్మన్ కంపెనీల క్వార్టర్ లెక్కల్లో ఏది మేలు?

సముద్రంలో సాల్మన్ చేపను పెంచి అమ్మే కంపెనీ క్వార్టర్ ఫలితాలు రాగానే చాలామంది కళ్లు నికర లాభం మీదికే పోతాయి. నేను ఆ వరుస ఆఖర్న చూస్తాను. సముద్రంలో ఇంకా ఈదుతున్న చేపకు కూడా మార్కెట్ ధరను బట్టి విలువ కట్టి ఖాతాలో వేస్తారు. ధర పెరిగితే ఒక్క చేప అమ్మకపోయినా లాభం పొంగినట్టు కనిపిస్తుంది. అసలు సంగతి తెలిసేది కిలోకి ఎంత ఆపరేటింగ్ లాభం (ఆ విలువ కట్టుడు, వడ్డీ, పన్ను కలపకుండా వ్యాపారంలో మిగిలేది) మిగిలిందన్న చోట. ఆ అంకెను కూడా కిందటి క్వార్టర్‌తో కాదు, కిందటి ఏడాది అదే క్వార్టర్‌తో పోల్చాలి. నీళ్లు వెచ్చగా ఉండే వేసవి, శరత్తుల్లోనే చేప బాగా పెరుగుతుంది.

ఈ కొలతతో రెండు కంపెనీలను చూద్దాం.

నార్వేలోని బెర్గెన్ కేంద్రంగా ఉన్న మోవీ ప్రపంచంలో అతి పెద్ద అట్లాంటిక్ సాల్మన్ ఉత్పత్తిదారు. 2018లో దాని పట్టుబడి దాదాపు 3.75 లక్షల టన్నులు. 2024లో 5 లక్షలు దాటింది. 2022లో ఐస్‌లాండ్ కంపెనీ ఆర్కిటిక్ ఫిష్‌లో 51 శాతం కొంది. అప్పటికే సగం దాకా వాటా ఉన్న నార్వే సాల్మన్ కంపెనీ నోవా సీని చేతిలోకి తీసుకోవడానికి 2025లో ఒప్పందం చేసుకుంది. నార్వే, స్కాట్లాండ్, చిలీ, కెనడా, ఐర్లాండ్, ఫారో దీవులు, ఐస్‌లాండ్: ఒక చోట చేపకు సముద్రపు పేను పట్టినా ఇంకో చోట పట్టుబడి ఆదుకుంటుంది. డివిడెండ్ క్వార్టర్‌కోసారి ఇస్తుంది.

చిక్కులూ చిన్నవి కావు. నార్వే తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టి, పేను బెడదను బట్టి ఒక్కోదానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి ఇస్తారు. ఆకుపచ్చ వస్తేనే ఉత్పత్తి పెంచుకోవచ్చు, ఎరుపు వస్తే తగ్గించాలి. పైగా 2023 నుంచి మామూలు 22 శాతం కంపెనీ పన్ను మీద సాల్మన్ పెంపకానికి మరో 25 శాతం పడుతోంది. కెనడా పశ్చిమ తీరంలో సముద్రపు వలల పెంపకాన్ని 2029 జూన్ కల్లా ఆపాలని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

ఫారో దీవుల బక్కఫ్రాస్ట్ చాలా చిన్నది, కానీ నాకు దాని పని తీరు మీద గౌరవం. మేత కూడా తన సొంత హవ్స్‌బ్రూన్ ఫ్యాక్టరీదే. ఈ వ్యాపారంలో దాదాపు సగం ఖర్చు మేతదే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చేప పిల్లను ఒడ్డున తొట్టెల్లోనే అర కిలో దాకా పెంచి అప్పుడు సముద్రంలో వేస్తారు. మన గోదావరి జిల్లాల చేపల రైతులు బాగా ఎదిగిన పిల్లను చెరువులో వేసేది ఎందుకో, ఇదీ అందుకే: పెద్ద నీళ్లలో గడిపే కాలం తగ్గితే పేను, రోగం, మోర్టాలిటీ (చేపల చావులు) అన్నీ తగ్గుతాయి.

ఆ లాభమంతా తినేసింది స్కాట్లాండ్. 2019లో అక్కడి స్కాటిష్ సాల్మన్ కంపెనీని కొన్నాక 2022, 2023 శరత్తుల్లో మొప్పల జబ్బులు, చిన్న జెల్లీచేపలు చేపల్ని పెద్ద ఎత్తున చంపాయి. ఫారోలో సంపాదించింది అక్కడ పోయింది. అందుకే ఈ కంపెనీ మొత్తం అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. ఫారో, స్కాట్లాండ్ వరుసలు విడివిడిగా చదవాలి.

ఏది మేలు? క్వార్టర్ క్వార్టర్‌కీ టెన్షన్ లేకుండా డివిడెండ్ కావాలనుకునేవారికి మోవీ. 2025 మొదటి సగంలో సరుకు పెరిగి ధర పడినప్పుడు చూశాం, ఇలాంటి కాలంలో విస్తరించి ఉండటమే కాపాడుతుంది. నాలుగైదేళ్లు ఆగగలిగితే ఎదుగుదలకు ఎక్కువ చోటు బక్కఫ్రాస్ట్‌లో ఉందని నా నమ్మకం. దానికి ఒకటే షరతు: స్కాట్లాండ్‌లోని బక్కఫ్రాస్ట్ యాపిల్‌క్రాస్ హేచరీ (చేప పిల్లల కేంద్రం) నుంచి వచ్చే పెద్ద పిల్ల సముద్రంలో బతికి చూపించాలి. అది తేలేది శరత్కాలం ఫలితాల్లో, స్కాట్లాండ్ మోర్టాలిటీ వరుసలో.