గోపాలపూర్: గది కన్నా ముందు నెల చూసుకోవాలి

పర్లాకిమిడిలో ఉండే మా కుటుంబానికి సముద్రం చూడాలన్న కోరిక పుడితే పలాస మీదుగా జాతీయ రహదారి ఎక్కి, ఇచ్ఛాపురం దాటి, బరంపురం నుంచి ఒడిశా తీరంలోని గోపాలపూర్ చేరడం చిన్ననాటి నుంచీ అలవాటు. అయితే 2024 మే నుంచి 2025 ఫిబ్రవరి వరకు మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ మూడు వేర్వేరు ఊళ్లు చూసినట్టు తిరిగి వచ్చిన తరువాత, ఈ ఊరిలో గది ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న కన్నా ఏ నెలలో వెళ్తున్నామన్న ప్రశ్నే ముందు వేసుకోవాలని నాకు బోధపడింది.

మొదటిసారి పిల్లల సెలవుల్లో, మే నెలలో వెళ్లాము. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుందన్న సంగతి తెలిసి కూడా, ప్రయాణం నిశ్చయించుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి, వాటి నీడలో వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు కూర్చున్నారు, మోటారు లేని తెప్పలు మాత్రం తెల్లవారుజామున వెళ్లి కొద్దిపాటి కవళ్లు, నెత్తళ్లు తెస్తున్నాయి. అదే సమయంలో ఒడ్డు వెంబడి హోటళ్ల పలకల మీద వంజరం వేపుడు, చందువ పులుసు అని రాసి ఉంటుంది. అది ఐసుపెట్టెలో నుంచి వచ్చిన చేప అని ఒక్క ముద్ద తింటే తెలుస్తుంది. ఆ రెండు నెలల్లో అద్దెలు తగ్గుతాయన్నది నిజమే కానీ, చేప కోసం వెళ్లేవారు అప్పుడు వెళ్లకపోవడమే మంచిది. ఉక్కపోత సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఊరికి వచ్చే తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. ఒడ్డున నివసించే మత్స్యకారుల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కనుక, సరిహద్దు మారినా భాష ఒడ్డునే ఉండిపోయింది. స్నానానికి దిగేవారికి ఈ సౌకర్యం ప్రాణాల మీది విషయమవుతుంది, ఎందుకంటే ఇక్కడి తీరం నిటారుగా లోతెక్కుతుంది, కెరటం ఒడ్డుకు దగ్గరలోనే విరిగి, వెనక్కు పోతూ కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది. మా పెద్దవాడు మోకాలి లోతుకు వెళ్లేసరికి పక్కనున్న ఒక పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి, "ఈరోజు దిగొద్దు బావూ, కింద లాగుడుంది" అన్నాడు. పైకి సముద్రం ప్రశాంతంగానే కనిపిస్తోంది. ఈ ఒడ్డున నీళ్లలోకి దిగేముందు అక్కడి మనిషిని ఒక మాట అడగడమే మొదటి నియమమని, ఏ బోర్డు మీద రాసి ఉన్నా లేకపోయినా, ఆ రోజు నుంచి పాటిస్తున్నాము.

రెండో ప్రయాణం 2024 అక్టోబరులో. దానా తుపాను వార్త రాగానే ఒకరోజు ముందే తిరుగుముఖం పట్టాము. ఆ తుపాను చివరికి ధామ్రా వైపు, 24 అర్ధరాత్రి నుంచి 25 తెల్లవారుజాము మధ్య తీరం దాటింది గనుక గోపాలపూర్‌కు పెద్ద దెబ్బ తగలలేదు. అయినా 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇదే ఊరి దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. రేవులో ఎగరేసే తుపాను హెచ్చరిక సూచికల్లో ఒకటో నంబరు దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని చెబుతుంది, మూడో నంబరు గాలివాన రేవునే తాకవచ్చని చెబుతుంది. మూడో నంబరు పడ్డాక బీచ్ చూద్దామనుకోవడం తెలివితక్కువ పని. మేము దిగిన లాడ్జి యజమాని మాత్రం ఒక రాత్రి అద్దె వెనక్కివ్వడానికి ససేమిరా అన్నాడు. ముందుగా డబ్బు కట్టేటప్పుడు తుపాను వస్తే ఏం చేస్తారని రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవలసింది. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా వెళ్లేవారు ఈ మాట తప్పక అడగాలి.

మూడోది ఋషికుల్య ప్రయాణం. దీనికోసమే ఇదంతా రాయాలనిపించింది. ఛత్రపురం దాటాక ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూకుమ్మడిగా గుడ్లు పెడతాయి. 2024లో అవి ఆ విధంగా ఒడ్డెక్కనే లేదు. 2025లో ఫిబ్రవరి మధ్యలోనే మొదలై, ఆ విడత లెక్కే 7 లక్షలకు దగ్గరగా వెళ్లింది. మేము చేరిన రాత్రి వెన్నెలలో తడి ఇసుక మీద చక్రాల జాడల్లాంటి గీతలు, వాటి చివర వెనుక రెక్కలతో గుంట తవ్వుకుంటున్న తాబేళ్లు, గుడ్లు పూడ్చిన తరువాత ఒళ్లంతా అటూ ఇటూ ఊపి ఇసుకను అణగ్గొట్టే టపటప చప్పుడు. ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెడుతుంది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు కదలకుండా నిలబడ్డాము.

అటవీశాఖవారు చెప్పే నియమాలు కఠినంగా అనిపించవచ్చు కానీ ప్రతి దానికీ కారణముంది. టార్చి, కెమెరా ఫ్లాష్ నిషిద్ధం. తెల్లని వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు, సుమారు 45 నుంచి 50 రోజుల తరువాత పొదిగి బయటికి వచ్చే పిల్లలైతే సముద్రపు మెరుపనుకుని వీధి దీపాల వైపు పాకిపోతాయి. తాబేళ్లను ముట్టుకోవడం, వాటి మీద పిల్లలను కూర్చోబెట్టి ఫొటో తీయడం వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు కింద నేరం. సిబ్బంది వెంట లేనిదే ఇసుక మీదికి వెళ్లనివ్వరు, అది సబబే. మాతోపాటు వచ్చిన ఒక బృందం ఫోను వెలుగులతో గోల చేస్తే వారిని వెనక్కి పంపేశారు. ఆ కఠినత్వం నాకు నచ్చింది.

అయితే ఈ రక్షణ భారమంతా మోసేది మత్స్యకారులే. నవంబరు 1 నుంచి మే 31 వరకు, ఏడు నెలలపాటు ఋషికుల్య ముఖద్వారానికి 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. మనం తాబేళ్లను చూసి ఆనందించే కాలం వారికి చేతిలో పని తగ్గే కాలం. అందుకే ఆ ఊళ్లలో దారి చూపడానికి, ఆటోకు, భోజనానికి వారు అడిగిన డబ్బు దగ్గర నేను బేరమాడలేదు.

బసల విషయం క్లుప్తంగా చెబుతాను. పర్యాటక సంస్థవారి పాంథనివాస్ గదులు సాదాగా ఉన్నా శుభ్రంగా ఉన్నాయి, పెద్దవాళ్లు వెంట ఉంటే అదే మేలు. ఒడ్డున ఉన్న చిన్న లాడ్జిల్లో ఉప్పుగాలికి తుప్పు పట్టిన కుళాయిలు మామూలే కనుక, గదిలోకి వెళ్లగానే నీళ్లు వస్తున్నాయో లేదో చూసి, ఆ తరువాతే సంతకం చేయాలి. ఆధార్ కార్డు అందరివీ అడుగుతారు. ఖర్చు పెట్టగలవారికి పెద్ద హోటళ్లూ ఉన్నాయి, మేము వాటి గేటు దాటలేదు. లైట్‌హౌస్ మధ్యాహ్నం తరువాతే తెరుస్తారు, ఉదయం వెళ్లి తాళం చూసి వచ్చినవాళ్లం మేము. పూర్వం రంగూనుకు కూలీల ఓడలు బయలుదేరిన రేవు ఇదేనని తలచుకుంటూ శిథిల గోడల దగ్గర ఒక గంట గడపవచ్చు. మరుగుదొడ్ల సౌకర్యం మాత్రం బీచ్ దగ్గర చాలదు, ఆడవాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది.

బరంపురం స్టేషను ఇక్కడికి 16 కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు దొరుకుతాయి కానీ రాత్రి ఋషికుల్య నుంచి తిరిగి రావడానికి బండిని ముందే మాట్లాడుకోవాలి. వచ్చే ఫిబ్రవరికి మేము తేదీ పెట్టుకోలేదు. తాబేళ్లు ఒడ్డెక్కాయన్న కబురు రాగానే బయలుదేరేలా సంచి సర్ది ఉంచుకుని, గది కోసం బరంపురంలో తెలిసినవారికి ఒక మాట చెప్పి ఉంచాము.