బాబ్‌క్యాట్ లోడ్ మీద ఆగిపోతుంటే ఏది మేలు: ఫిల్టరా, పంపా, ఐదు లీటర్ల డబ్బానా?

పాత డీజిల్ బాబ్‌క్యాట్, అంటే ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి, ఉన్నవాళ్లకి ఈ గోల కొత్తేమీ కాదు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే చక్కగా అందుకుంటుంది, ఇరవై నిమిషాలు బాగానే పని చేస్తుంది, సరిగ్గా బకెట్ నింపుకుని ట్రాక్టర్ వైపు తిరిగేసరికి గొంతు పట్టేసినట్టు రేజింగ్ పడిపోయి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు వదిలేసి మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మాది కుబోటా వి2203 ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, సెన్సార్లూ కంప్యూటరూ లేని పాతకాలం పంపు. అనపర్తి వైపు కోళ్ల ఫారాల్లో ఎరువు ఎత్తుతుంది. ఈ జాతి బండి పుట్టిందే ఆ పని కోసం అంటే మా డ్రైవర్ నమ్మడు గానీ, 1957లో అమెరికాలో, మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు మొదటి మూడు చక్రాల లోడర్ చేసిచ్చింది ఒక టర్కీ కోళ్ల రైతుకే, షెడ్డులో స్తంభాల మధ్య తిరగడానికి.

సరే, అసలు విషయం. బండి ఇలా ఆగినప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే మాట, "ఆయిల్ అందట్లేదండి". మన వైపు డీజిల్‌నీ ఆయిలే అంటాం కదా. నిజమే, అందట్లేదు. ఎక్కడ అందట్లేదన్నదే ప్రశ్న, దానికి ముగ్గురు మూడు దారులు చెప్తారు.

మొదటిది ఫిల్టర్ మార్చడం. ఖర్చు వందల్లో అయిపోతుంది, ఎలాగూ మార్చాల్సిందే, కాబట్టి తప్పని అనను. కానీ ఫిల్టర్ విప్పామంటే లైన్‌లోకి గాలి పోతుంది, సరిగ్గా ఎయిర్ తీయకపోతే ఉన్న జబ్బుకి ఇంకోటి తోడవుతుంది, అప్పుడు ఏది పాతదో ఏది మనం తెచ్చిపెట్టిందో తెలియదు. ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. తీసిన ఫిల్టర్‌ని పారేయకుండా హ్యాక్సా బ్లేడుతో కోసి లోపల మడతలు విప్పి చూడండి. నల్లటి జిగురులా ఉంటే ట్యాంకులో నీళ్లు చేరి పాచి పట్టిందని, ఎర్రటి పొడి ఉంటే డీజిల్ దాచే డ్రమ్ము తుప్పు వస్తోందని, కాగితం శుభ్రంగా ఉంటే మన అనుమానమే తప్పని అర్థం. మా ఫిల్టర్ లోపల దాదాపు కొత్తదానిలా ఉంది. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది.

ఆలోచించలేదు, రెండో దారి పట్టాను, అంటే పంపు, డీజిల్‌ని ప్రెషర్‌తో నాజిల్స్‌కి పంపేది. మెకానిక్ వచ్చి చూసి, లైన్‌కి కంప్రెసర్‌తో గాలి కొట్టాడు, రెండు రోజులు బండి గుర్రంలా తిరిగింది, మూడో రోజు మళ్లీ అదే తంతు. "పంపు పోయింది" అన్నాడు, విప్పి పంపు షాపుకి పట్టుకెళ్లాం, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కూడా ఎలాగూ విప్పాం కదా అని కాలిబ్రేషన్ చేయించాం, వేలల్లో వదిలింది. బండి నాలుగు రోజులు పని మానేసి కూర్చుంది, ఐదో రోజు మళ్లీ బకెట్ ఎత్తుతూ ఆగిపోయింది! ఇప్పుడు తెలిసింది కాబట్టి చెప్తున్నా, పంపు అరిగితే ఐదు నిమిషాల విశ్రాంతికి బాగుపడదు. అది వేడి మీద సరిగ్గా స్టార్ట్ కాదు, పవర్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకేలా తక్కువగా ఉంటుంది. వచ్చి పోయే జబ్బు సాధారణంగా పంపుది కాదు, పంపుకి వెనకున్న దారిది.

మూడోది డబ్బా. నా ఓటు దీనికే, కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో వడకట్టిన డీజిల్ పోసి, ఫీడ్ పంపుకి (ట్యాంకులోంచి ఆయిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు) ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, దాని బదులు ఈ డబ్బాలోంచి ఒక పారదర్శకమైన పైపు కలపాలి. మిగిలిన ఆయిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపుని కూడా తెచ్చి ఇదే డబ్బాలో పెట్టాలి, లేకపోతే డబ్బాలో ఆయిల్ మెల్లగా ట్యాంకులోకి పోతూ ఉంటుంది, అది అయిపోయి ఇంజిన్ ఆగితే మళ్లీ తప్పు దేని మీదో వేస్తాం. డబ్బాని సైలెన్సర్‌కీ ఫ్యాన్‌కీ దూరంగా గట్టిగా కట్టండి. ఇక ఎయిర్ తీసి, ఊరికే ఐడిల్‌లో కాదు, నిజంగా లోడ్ మీద పని చేయించాలి. డబ్బా మీద నడిచిందంటే తప్పు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న సగంలో ఉంది. డబ్బా మీదా ఆగిందంటే ట్యాంకుని వదిలేసి ఫీడ్ పంపు నుంచి ముందుకి వెతుక్కోవాలి. పైపు పారదర్శకంగా ఉంది కాబట్టి బుడగలు వస్తున్నాయా లేదా అన్నది కూడా కంటికే కనిపిస్తుంది.

దీనికి ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది, ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత తిప్పి చూడడం. ఉస్సుమని గాలి లోపలికి లాక్కుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. కోడి ఎరువు దుమ్ములో ఇది మామూలే.

మాకు మూత బాగానే ఉంది. డబ్బా కట్టి గంటసేపు తోలితే ఒక్కసారి కూడా ఆగలేదు, డ్రైవర్ నా మొహం చూశాడు, నేను మెకానిక్ మొహం చూశాను. ట్యాంకు ఖాళీ చేసి లోపలి పైపు బయటికి లాగితే, అడుగున ఈదుతూ దొరికింది రూపాయి బిళ్లంత వెండి రంగు ముక్క, ఆయిల్ డబ్బా మూత కింద ఉండే సీలు. ఇంజిన్ లాగినప్పుడల్లా వెళ్లి పైపు మూతికి అతుక్కుంటోంది, లోడ్ పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంటోంది, ఆగిపోగానే లాగే బలం పోయి కిందకి జారిపోతోంది. ఐదు నిమిషాల రహస్యం ఇదే! కంప్రెసర్ గాలికి అది ట్యాంకులో ఏ మూలకో పోయి రెండు రోజులు తిరిగి రాలేదు, అందుకే బాగైనట్టు కనిపించింది.

అందరికీ సీలు ముక్కే దొరకదు లెండి. పైపు పాతబడి పగిలినా గొడవే, కానీ అప్పుడు గుర్తు వేరు. ఫీడ్ పంపుకి వెనక పైపు పగిలితే ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కింద తడి లేదు కాబట్టి లీక్ లేదనుకుని మోసపోతాం. గాలి కేసులో పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి, ఐడిల్‌లో రేజింగ్ ఊగుతుంది. ట్యాంకు లోపలి పైపే మధ్యలో చీలితే ఫుల్ ట్యాంకు మీద బాగుండి సగానికి తగ్గాక మొదలవుతుంది. అడ్డం పడ్డ కేసులో ఐడిల్ బంగారంలా ఉండి లోడ్ మీద చచ్చిపోతుంది. ఇక తాళం తీసేసినట్టు టక్కున ఆగితే ముందు కరెంటుతో డీజిల్‌ని వదిలే, ఆపే సోలినాయిడ్, డ్రైవర్ ఒడి మీదకి దించుకునే సీటు బార్ వైరింగ్ చూడండి.

పనిలో పనిగా ఇంకో చర్చ నడిచింది, పాత ఫీడ్ పంపు ఉంచాలా, తీసేసి 12 వోల్టుల కరెంటు పంపు పెట్టాలా అని. కరెంటు పంపుతో సుఖం ఏంటంటే తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుంటూ ఎయిర్ తీయడానికి చాలావరకు అదే సాయం చేస్తుంది. ఇంజిన్ మీద ఉండే పాత పంపుకి ఒక ప్రమాదం కూడా ఉంది, లోపల డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి. అయినా నేను పాత పంపే ఉంచాను. కోళ్ల షెడ్డులో అమ్మోనియాకి రాగి తీగ పచ్చబడిపోతుంది, మా బండిలో హెడ్‌లైట్ కనెక్షన్లే ఏడాదికోసారి గీకాల్సి వస్తోంది, ఇంజిన్ నడవాలంటే తప్పనిసరైన పనిని అలాంటి వైరు మీద వేలాడదీయడం నాకిష్టం లేదు. మీది ఇసుక, కంకర పని అయితే, బండి నెలల తరబడి ఖాళీగా ఉండేదైతే కరెంటు పంపే మేలనిపిస్తుంది. కాకపోతే తక్కువ ప్రెషర్‌ది, ఇలాంటి డీజిల్ ఇంజిన్‌కి సరిపడేది తీసుకోండి, పాత సామాన్ల కొట్టులో దొరికే పెట్రోల్ ఇంజెక్షన్ కారు పంపు దీనికి పనికిరాదు. ఫ్యూజు, రిలే లేకుండా కూడా పెట్టొద్దు.

పాత పంపుకి తోడుగా ట్యాంకు వైపు లైన్‌లో ఒక రబ్బరు ప్రైమర్ బల్బు పెట్టుకున్నాను. ఎయిర్ తీయడానికి చేత్తో నొక్కితే చాలు, పైగా డాక్టరు నాడి చూసినట్టు పనికొస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బల్బు చప్పగా నొక్కుకుపోతే దానికి వెనక ఎక్కడో అడ్డం ఉంది, ఎంత నొక్కినా గట్టిపడకపోతే గాలి పోతోంది, లేదా బల్బులో వాల్వే పోయింది. పారదర్శకమైన పైపు మాత్రం పరీక్షకే, పని కాగానే తీసేయండి, ఇంజిన్ వేడికి కొన్నాళ్లకే పసుపెక్కి గట్టిపడి చిట్లిపోతుంది.

రెండు జాగ్రత్తలు. బకెట్‌ని ఎత్తే ఆర్మ్‌లు పైకెత్తి పని చేయాల్సి వస్తే వాటికి లాక్ పెట్టకుండా కింద తల పెట్టొద్దు, ఎంత తెలిసినవాడైనా సరే. నాజిల్ పైపుల దగ్గర లీకు ఉందేమోనని వేలితో తడమొద్దు, నాజిల్ తెరుచుకునేదే 140 కేజీల ప్రెషర్ మీద, ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఆ సీలు ముక్క టూల్‌బాక్స్‌లో దాచాను. డ్రమ్ము దగ్గర సన్నజాలీ ఉన్న గరాటు పెట్టాం, ఆయిల్ దిగడానికి అరగంట పడుతోందండీ అని మా డ్రైవర్ రోజూ సణుగుతున్నాడు.