మెల్‌బోర్న్ చారిటీ డిన్నర్లు: టికెట్ డబ్బులో పిల్లలకు చేరేదెంత?

మెల్‌బోర్న్ ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం విక్టోరియాలో పిల్లల రక్షణ కోసమంటూ జరిగే విరాళాల కార్యక్రమాల్లో తరచుగా కనబడేవి మూడు: హోటల్లో గాలా డిన్నర్, స్కూలు హాల్లోనో క్లబ్బులోనో ట్రివియా నైట్ (టేబుళ్ల మధ్య క్విజ్ పోటీ), ఫన్ రన్ (విరాళాల కోసం సరదా పరుగు). సందడంతా డిన్నర్‌దే. డబ్బు దగ్గరికొచ్చేసరికి వెనకబడేదీ అదే.

టికెట్ 180 డాలర్లు, భోజనం ఖరీదు 110 అనుకోండి. హాలు అద్దె, సౌండ్, యాంకర్ అన్నీ మిగిలిన 70లోంచే పోవాలి, స్పాన్సర్ భరిస్తే తప్ప. పన్ను మినహాయింపైనా వస్తుందా అంటే అదీ రాదు. విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ డిన్నర్ పెట్టినా షరతులున్నాయి. మీరిచ్చింది 150 డాలర్లు దాటాలి. బదులుగా మీకు దక్కినదాని విలువ 150 డాలర్లు, ఇచ్చినదాంట్లో 20 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువో దాన్ని మించకూడదు. 180లో 20 శాతమంటే 36. ఆ 110 భోజనం ఎక్కడ, ఈ 36 ఎక్కడ! అదే 1,000 డాలర్ల టికెట్‌కి 150 భోజనమైతే 850 చూపించుకోవచ్చు. కానీ అంత పెట్టి కొనేవాళ్లెందరు?

అసలు డబ్బు వచ్చేది సైలెంట్ ఆక్షన్‌లో (బల్లల మీద పెట్టిన వస్తువులకు కాగితం మీద ధర రాసే వేలం), చాలాచోట్ల తేలిపోయేదీ అక్కడే. బిడ్ కాగితం మీద మొదటి ధర ఉంటుంది గానీ ఎంత చొప్పున పెంచాలో ఉండదు. జనం ఒక్కో డాలరే పెంచుకుంటూ పోతారు, 400 విలువచేసే వస్తువు 120 దగ్గర ఆగిపోతుంది. "కనీసం 20 పెంచాలి" అని ఒక్క ముక్క అచ్చేస్తే చాలు. బల్లలన్నీ ఒకేసారి మూసేస్తే ఒక్క కార్డు మెషిన్ దగ్గర బారెడు క్యూ. డెజర్ట్‌కి ముందు సగం, తర్వాత సగం మూయడం తెలిసినవాళ్లు చేసే పని. ఫ్రేము కట్టిన ఫుట్‌బాల్ జెర్సీలు, ట్రావెల్ ప్యాకేజీలు కనబడితే అవి దానంగా వచ్చాయా, కన్‌సైన్‌మెంటా (అమ్మిపెట్టమని సప్లయర్ ఇచ్చినవా) అని అడగండి. కన్‌సైన్‌మెంటైతే ముందు అనుకున్న ధర సప్లయర్‌ది, ఆ పైనున్నదే చారిటీకి.

రాఫుల్ (లాటరీ లాంటి డ్రా) టికెట్ విరాళం కింద రాదు. బహుమతుల మొత్తం విలువ 20,000 డాలర్లు దాటితే నిర్వాహకులకు పర్మిట్ ఉండాలి.

ట్రివియా నైట్‌కి ఐదుకి నాలుగు మార్కులు. హాలు చవక, పనిచేసేది వాలంటీర్లు, తిండి ఎవరి టేబుల్‌కి వాళ్లే తెచ్చుకుంటారు. ఒక మార్కు తగ్గింది స్కోరింగ్‌కి. పది రౌండ్ల కాగితాలు ఒక్కరే దిద్దితే తొమ్మిదిన్నరకే సగం హాలు ఖాళీ. టేబుళ్లు కాగితాలు మార్చుకుని దిద్దుకుంటే ఆ బాధ ఉండదు. ఫన్ రన్‌లో ఎంట్రీ ఫీజు విరాళం కాదు, మీ పేజీలో బంధుమిత్రులు వేసేదే విరాళం.

స్టేజీ మీద పిల్లల గురించి చెప్పే కథల దగ్గర మాత్రం మొహమాటం అక్కర్లేదు. చిల్డ్రన్స్ కోర్టు కేసులో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం విక్టోరియాలో నేరం. పేరు మార్చి ఊరు, స్కూలు, అన్నదమ్ముల వయసులు చెబితే దాచిందేముంది? చప్పట్ల కోసం ఇలా చేసే సంస్థకి ఇంకోసారి వెళ్లకండి.

ఇంకొకటి. ఫిర్యాదు మీద ఇంటికొచ్చి విచారించే చైల్డ్ ప్రొటెక్షన్ రాష్ట్ర ప్రభుత్వ శాఖది, ఈ డిన్నర్ల డబ్బుతో నడిచేది కాదు. చారిటీలు చేసేది కౌన్సెలింగ్, ఫోస్టర్ కేర్ (పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచి చూసుకోవడం), కుటుంబాలకు తోడ్పాటు. 1877లో మొదలైన బెర్రీ స్ట్రీట్ లాంటివి ఈ పనిలో ఉన్నవే. కాబట్టి "పిల్లల్ని కాపాడతాం" అన్న బ్యానర్ చూసి ఊరుకోకుండా, ఈ రాత్రి డబ్బు ఏ కార్యక్రమానికో అడగండి. జాతీయ చారిటీ రిజిస్టర్‌లో సంస్థ ఏబీఎన్ (వ్యాపార గుర్తింపు నంబరు) కొడితే వార్షిక లెక్కలు కనబడతాయి.

డిన్నర్ కావాలంటే డిన్నర్‌కి వెళ్లండి. విరాళం విడిగా వేయండి, పన్ను మినహాయింపు ఉన్న సంస్థైతే 2 డాలర్ల నుంచీ మినహాయింపు ఉంటుంది. రసీదు మీద "గిఫ్ట్" అని ఉందో లేదో అక్కడే చూసుకోండి. పన్ను సంవత్సరం ముగిసే జూన్ 30 దాటాక రసీదుల కోసం మెయిళ్లు పెట్టుకుంటూ తిరగడం పెద్ద తలనొప్పి.